నీలంమూత సీసాలు

మికేలా కోసం కేకు చెయ్యమని హెడ్ నర్సు లోర్నానే అడిగింది. "నీ చేతి కేకంటే అందరూ పడి చస్తారు, కాదనకు" అంది. కాదనడం లోర్నాకి ఏనాడూ చేతకాలేదు. నిన్న సాయంత్రం క్రీము గిలక్కొడుతుంటే గ్లెన్ వంటింట్లోకి తొంగిచూసి, "ఎవరి పుట్టినరోజు?" అన్నాడు. పుట్టినరోజు కాదు, ఐసీయూలో నర్సుగా చేరి రెండేళ్ళైనా కాని పిల్లకి, ఆక్సిజన్ గొట్టం వదులవుతోందని ప్రమాదం జరగకముందే రిపోర్టు రాసినందుకు బంగారు రంగు పిన్ను ఇస్తున్నారని చెప్పింది. "మరి నీకెప్పుడూ ఇవ్వలేదేం?" అన్నాడు మొగుడు, గిన్నె అంచు వేలితో నాకుతూ. తెలియకే అన్నాడు. అయినా గిన్నె లాక్కుంది.

పొద్దున్న కెనడా ఊరు సస్కటూన్ చలిలో కేకు ఒళ్ళో పెట్టుకుని వచ్చి, విశ్రాంతి గదిలో ప్లేట్లు సర్దుతూ, చూడకూడదనుకుంటూనే మికేలా గుండెల మీద పిన్ను వంక చూసింది. పదకొండేళ్ళుగా తను తప్పించిన ప్రమాదాల మాటేమిటి? రోజూ తెల్లవారుజామున మందుల విభాగం వాళ్ళు పై సొరుగు నింపిపోతారు. పడిపోయిన బీపీని లేపే మందూ, గుండె వేగం తగ్గించే మందూ పక్కపక్కనే పెడతారు. రెండూ నీలంమూత సీసాలే. డ్యూటీకి రాగానే లోర్నా రెండోదాన్ని తీసి కింది సొరుగులో పెడుతుంది. తన సెలవు రోజుల్లో ఏమీ కాలేదంటే అదృష్టం. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అత్తగారి మాత్రలు చూడటం, ఇంజను గడ్డకట్టకుండా గ్లెన్ కారుకి కరెంటు తీగ తగిలించడం లాంటిదే ఇదీను. సర్దేసిన పని ఎవరి కంటా పడదు. రాసినదానికి మాత్రం పిన్ను, కేకు, చప్పట్లు! ఆ పిల్ల నవ్వు చూస్తే ఒళ్ళు మండిపోయింది.

కేకు సగం కూడా కాకముందే ఎనిమిదో బెడ్డు పెద్దాయనకి బీపీ పడిపోతోందని మికేలా పరిగెత్తింది. రెండు నిమిషాల్లో మానిటర్ గగ్గోలు పెట్టింది. ఆయన గుండె వేగం నలభైకి, ముప్ఫైకి దిగింది. డాక్టర్లూ లోర్నా కలిసి ఎలాగో నిలబెట్టారు. తర్వాత ఖాళీ సీసా చూస్తే తప్పు మందు. ఎక్కించింది మికేలా.

లోర్నాకి ముందు కలిగింది సంతోషం. అవును, సంతోషమే. ఇప్పుడు నేనూ రాస్తానే రిపోర్టు, అనుకుంటూ కంప్యూటర్ ముందు కూర్చుంది.

మికేలా ఉబ్బిన కళ్ళతో వచ్చింది. "నేనే చేశాను లోర్నా. మన డ్యూటీలో పై సొరుగులో ఎప్పుడూ బీపీ మందొక్కటే ఉంటుంది కదా, పేరు చూడకుండా తీసేశాను. నా పేరే రాయండి. తప్పు నాదే."

పై సొరుగులో ఎప్పుడూ ఒక్కటే. అలా ఉంచిందెవరు? ఇవాళ ప్లేట్ల హడావుడిలో సొరుగు వైపే వెళ్ళనిదెవరు? తప్పు నాదే అని ఆ పిల్ల ఎంత తేలిగ్గా అనేసింది! పిన్ను కన్నా ఆ మాటకే ఎక్కువ కుళ్ళుకుంది లోర్నా.

"నువ్వెళ్ళి మొహం కడుక్కో" అంది.

ఈ ప్రమాదాన్ని ఇంతకుముందు ఎలా నివారించేవారు, అని అడుగుతోంది ఫారం. లోర్నా తన పేరు కొట్టింది. కింద ఇలా రాసింది: "రోజూ ఒక సీసాని నేనే కిందికి మార్చేదాన్ని. ఇవాళ మార్చలేదు. పదకొండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. అది నాకొక్కదానికే తెలియడం నాకు నచ్చేది."