రోడ్డు పక్క ఎకరం

జూలై చివరి వానలకు రత్తమ్మ ఎకరం పొలం ఐదు రోజులు నీళ్ళలో నానింది. నాట్లు వేసి పట్టుమని పదిహేను రోజులు కాలేదు. నీరు తీశాక చూస్తే మొక్క లేదు, బురదే మిగిలింది.

మళ్ళీ నారు పోసుకునేవాళ్ళకి రైతు సేవా కేంద్రంలో సబ్సిడీ విత్తనాలు ఇస్తున్నారని తెలిసి పొద్దున్నే వెళ్ళింది. అక్కడ వ్యవసాయ సహాయకురాలు వినీల ట్యాబ్‌లో పొలం సర్వే నంబరు కొట్టి, మొహం చిన్నబుచ్చుకుంది.

"రత్తమ్మగారూ, రికార్డులో ఆ పొలం మీది కాదండి. అమ్మిరాజు గారిది. ఆయన కొబ్బరితోటేమో మీ పేరు మీదుంది."

రత్తమ్మకి విషయం అర్థమైంది. ముప్పై ఏళ్ళ కిందట ఆమె మామగారూ, అమ్మిరాజు తండ్రీ పొలాలు మార్చుకున్నారు. మామగారిది కాలవ గట్టున మెరక, కొబ్బరికి బాగుంటుంది. వాళ్ళది రత్తమ్మ ఇంటికి దగ్గర పల్లం, వరికి బాగుంటుంది. నోటి మాటే తప్ప కాగితం రాయించలేదు.

"ఆయన వచ్చి, సాగు చేసేది మీరేనని సంతకం పెడితే ఇవాళే మీ పేరు ఎక్కిస్తానండి," అంది వినీల. "విత్తనాలు ఎల్లుండి వరకే ఇస్తారు."

రత్తమ్మ భయం వేరు. రెండేళ్ళ కిందట మండపేట రోడ్డు వెడల్పు చేశాక ఆమె పొలం రోడ్డు పక్కకొచ్చింది. దాని ధరలో కొబ్బరితోట సగం కూడా చెయ్యదు. కాగితం మీద అది తనదేనని తెలిస్తే ఏ మనిషైనా ఊరుకుంటాడా? దారిలో రెండుసార్లు వెనక్కి తిరుగుదామనుకుంది. కానీ విత్తనం లేకపోతే ఈ పంట పోయినట్టే.

అమ్మిరాజు తోటలో కాయలు దింపిస్తున్నాడు. ఆమె ఏదీ దాచకుండా, రోడ్డు ధర సంగతితో సహా చెప్పేసింది. అంతా విని ఆయన చేతిలో కాయ గుట్ట మీద వేశాడు. తరవాత చెట్టు మీది మనిషికి వినబడేలా పకపకా నవ్వాడు.

"అయితే అక్కగారూ, ఇన్నాళ్ళూ మీ కాయలు దొంగతనంగా అమ్ముకుంటున్నానన్నమాట!"

"మీకు నవ్వులాటగా ఉందా అండీ?"

"మరేం చెయ్యమంటారు? మా నాన్న ఇచ్చిన పొలం నేను లాక్కుంటాననుకున్నారా?" ఈసారి నవ్వలేదు. "బండెక్కండి."

అరగంటలో సంతకం అయిపోయింది. వినీల ఆ బండి మీదే రత్తమ్మ వెనకాల ఇరుక్కుని కూర్చుని పొలానికొచ్చి, రత్తమ్మని బురదలో నిలబెట్టి ఫోటో తీసింది. సాగుదారు పేరు దగ్గర 'రత్తమ్మ' అని పడగానే ట్యాబ్ ఆమె చేతికిచ్చింది. రత్తమ్మ తన పేరు రెండుసార్లు చదువుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. విత్తనాల బస్తా అమ్మిరాజే ఇంటిదాకా చేరేశాడు.

నారు ఎదిగేలోపు ఒక మంగళవారం రెండిళ్ళవాళ్ళూ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళారు. రత్తమ్మ పట్టుచీర కట్టింది. అమ్మిరాజు భార్య రత్నమాణిక్యం పులిహోర డబ్బా తెచ్చింది. గుమాస్తా ఈ హడావుడి చూసి, "పెళ్ళి రిజిస్ట్రేషనాండీ? పెళ్ళికొడుకేడీ?" అని అడిగాడు.

"పెళ్ళి పొలాలకండీ," అంది రత్నమాణిక్యం. "ముప్పై ఏళ్ళ కిందటే అయ్యింది. ఇవాళ రాయించుకుంటున్నాం."

గుమాస్తాకీ పులిహోర పెట్టారు. మధ్యాహ్నానికి మార్పిడి దస్తావేజు పూర్తయింది.

ఆగస్టు చివర్లో మళ్ళీ నాట్లు పడ్డాయి. పదిమంది ఆడవాళ్ళు వరసగా వంగి పాటందుకున్నారు. పంట నమోదుకొచ్చిన వినీల గట్టు మీద నిలబడి ఫోటోలు తీస్తుంటే, "రాసుకోవడమేనా, నాటడం కూడా వచ్చా?" అని ఒకావిడ నారుకట్ట విసిరింది. వినీల ట్యాబ్‌ని, నాట్లు చూడ్డానికొచ్చి పక్కనే నిలబడ్డ రత్నమాణిక్యం చేతిలో పెట్టి, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి దిగింది. మూడో అడుగులోనే బురదలో కూలబడింది. పొలమంతా నవ్వు. రత్తమ్మ చెయ్యందించబోయి, తనూ జారి ఆ పిల్ల పక్కనే కూర్చుంది.