గంప దించితేనే ఆశీలు

తప్పులుంటే మన్నించండి. ఒత్తులు ఇప్పటికీ నా మాట వినవు. యాభై దాటాక మా మాత గుడిలో చదువు చెప్పే పంతులమ్మ కమలాకుమారి గారి దగ్గర దిద్దుకున్న అక్షరాలివి. ఈ కాగితం నింపడానికి నాకు పది రోజులు పట్టింది.

కీసర నుంచి నందిగామ సంతకు దోసకాయల గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళేదాన్ని. నిండు గంప ఒక్కదాన్నే ఎత్తుకోలేను, దించుకోలేను. ఇంకో మనిషి చెయ్యి వెయ్యాలి. ఇంటి దగ్గర మా అత్త సౌభాగ్యమ్మ విసుక్కుంటూ ఎత్తేది. సంతలో పక్కన కూర్చునే రత్తమ్మ వదిన దించేది. మా ఆయన జ్ఞానయ్య అదే సంతలో ఆశీలు వసూలు చేసేవాడు. సంతను వేలం పాటలో పాడుకున్నవాళ్ళ తరఫున, గంప దిగితే ఇంత, బండి విప్పితే ఇంత అని చీటీ చింపి డబ్బులు తీసుకోవడం ఆయన పని. నెత్తిన ఉన్నదానికి ఆశీలు లేదు. నేల మీద దిగిందా, కట్టాల్సిందే.

ప్రతి సంతకూ ఆయన ముందు నా దగ్గరికే వచ్చి అందరి ఎదుటా చెయ్యి చాపేవాడు. "చూశారుగా, నా పెళ్ళాం దగ్గరే తీసుకున్నా. ఇంక మీరేం మాట్టాడతారు?" అనేవాడు. ఆడవాళ్ళు నోరు మూసుకుని కొంగుముళ్ళు విప్పేవాళ్ళు. జ్ఞానయ్య ఎంత నిక్కచ్చి మనిషో అని ఊరంతా పేరు. మునేటి ఇసుకలో చెలమ తవ్వి పాదులకు నీళ్ళు మోసింది నేను, కాయలు కోసింది నేను, అన్ని మైళ్ళు నడిచింది నేను. నిజాయితీ మాత్రం ఆయనది.

అరవై ఒకటిలో పాట బెజవాడ నూనె కంపెనీవాళ్ళ చేతికి పోయింది. వాళ్ళ వేరుశనక్కాయల బండ్లు ఇరవై, ముప్ఫై వరసగా లోపలికొచ్చేవి. ఒక్క చీటీ చిరిగేది కాదు. సొంత సరుకు కదా అన్నారు. ఆ లోటు పూడ్చడానికి గంపకు రెట్టింపు చేశారు. సంతకు ముందురోజు అన్నం తింటూ ఆయన అన్నాడు: "రేపు నువ్వు ముందు కట్టు. నువ్వు కడితే అందరూ కడతారు. లేకపోతే కంపెనీ గుమస్తా నన్ను తీసేస్తాడు."

"మరి బండ్లకెందుకు లేదయ్యా?"

"కంపెనీవాళ్ళతో మనకేంటే? పులుసు పొయ్యి."

పోశాను. ఆ పోసినందుకే నా మీద నాకు ఇప్పటికీ కోపం.

మర్నాడు రత్తమ్మ వదిన పక్కవాళ్ళ చేత తన గంప దింపించుకుని నా గంపకు చేతులు చాపింది.

"వద్దొదినా. దించితేనేగా ఆశీలు. నిలబడే అమ్ముతా."

"మెడ ఇరుగుద్దే పిల్లా!"

"ఇరగనీ."

వదిన నావంక చూసింది, గేటులోంచి వస్తున్న బండ్లవంక చూసింది. "ఇంకా చీటీ తీసుకోలేదు, నాదీ ఎత్తండే!" అని కేకేసింది. వరసంతా లేచింది. కొనేవాళ్ళు మునివేళ్ళ మీద నిక్కి కాయలు ఏరుకున్నారు.

ఆయన వచ్చాడు. వెనకే గుమస్తా.

"దించవే."

"దించను."

"నా పరువు తీస్తున్నావు," అంటూ ఆయన రెండు చేతులూ నా గంప మీద వేశాడు. పెళ్ళయి పదకొండేళ్ళు. ఆ చేతులు నా గంపకు తగలడం అదే మొదటిసారి. కడుపుతో ఉండి ఎత్తమని అడిగితే "ఆడాళ్ళ పని నాతో చేయిస్తావా?" అన్న చేతులు. ఒళ్ళు మండిపోయింది.

"చెయ్యి తియ్యి. బరువు దించడానికొచ్చావా, పన్ను వెయ్యడానికొచ్చావా?" అని సంతంతా వినపడేలా అడిగాను.

"రెండోదేనమ్మా! మొదటిది మా అన్నకు చేతకాదు," అంది రత్తమ్మ వదిన. గుమస్తా కూడా నవ్వాడు. ఆయన చేతులు తీసేశాడు.

ఆ రోజు ఒక్క గంపా దిగలేదు. పై వారమూ దిగలేదు. మూడో వారానికి కంపెనీ పాత రేటుకు వచ్చింది. బండ్లు మాత్రం అలాగే ఊరికే పోయాయి. ఆయన్ను పనిలోంచి తీసేశారు. "నా కొడుకు ఉద్యోగం నీ వల్లే పోయింది," అని మా అత్త చచ్చిపోయేదాకా అంది. ఆయన ఆఖరి జ్వరంలోనూ అదే మాట అన్నాడు. కాదు, గుమస్తా తీసేశాడు, కంపెనీ తీసేసింది అని ఇన్నేళ్ళూ చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు నా చేత్తో రాస్తున్నాను. అవును, నా వల్లే పోయింది. నేనే పోగొట్టాను.

లూర్దమ్మ, డెబ్భై ఒక్క ఏళ్ళు. ఉంటున్నది జగ్గయ్యపేటలో.