మూడు బోర్డులకూ ఒకే అంకె

మా అత్తగారు ఆపిల్ కోస్తే ముక్కలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఒకటి కాస్త లావుగా వచ్చిందంటే దాన్ని చెక్కి, ఆ చెక్కిన పొరను తనే నోట్లో వేసుకుంటారు. మామగారికీ, పెద్ద కొడుక్కీ, చిన్న కొడుక్కీ కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సమాన పంపకం వల్లే ఇల్లు ఇంకా ముక్కలు కాలేదని అందరి నమ్మకం. చిన్న కోడలిగా నేనూ కొన్నాళ్లు నమ్మాను. ఆ పద్ధతి మేడ దిగి దుకాణంలోకి వచ్చాకే నాకు తిక్క రేగింది.

దుకాణం మా ఇంటి కిందే. ఆసుపత్రి వార్డుల్లో నర్సు బల్ల మీద ఒక తెర ఉంటుంది. మంచాల దగ్గరి కెమెరాలు చూసేదంతా ఆ తెర వెనకున్న చిన్న పెట్టెలోకి వచ్చి, అక్కణ్ణుంచి తెర మీదికి చేరుతుంది. పెట్టె లోపల ఉండేది అరచేతిలో పట్టేంత కంప్యూటర్ బోర్డు. ఆ పెట్టెలు చేసి అమ్మడమే మా వ్యాపారం. పెద్దాసుపత్రి వాళ్లు ఈసారి వార్డులన్నిటికీ కొత్త పెట్టెలు కావాలన్నారు. వాళ్ల ఇంజనీరు వచ్చి, మేం చేసిన వేగం పరీక్ష చూసి, వాటిలో ఏ బోర్డు ఉండాలో తేలుస్తుందన్నారు.

ఏ బోర్డు అన్న దగ్గరే మొదలైంది. మామగారిది పాత బోర్డు. దాని మీదే దుకాణం నిలబడిందని ఆయన రోజుకోసారైనా గుర్తుచేస్తారు. బావగారు తెప్పించినదాని మొహాన కళ లేదు, పని మాత్రం చేస్తుందట. మా ఆయన తెచ్చింది సరికొత్తది. దాన్ని ఆయన మెచ్చుకునే తీరు వింటుంటే, అందులో సగమైనా కట్టుకున్న పెళ్లాం గురించి ఎప్పుడైనా అన్నారా అని నాకు ఒళ్లు మండేది. నాకంటూ ఏ బోర్డూ లేదు కాబట్టి పరీక్ష నా నెత్తిన పడింది.

బోర్డు లేకపోయినా నాకు పంతం ఉంది. కిందటేడు మా అమ్మ ఆ ఆసుపత్రిలోనే ఉంది. ఒక మధ్యాహ్నం ఊపిరందక చెయ్యెత్తి పిలిచింది. నర్సు తెర మీద మాత్రం అమ్మ హాయిగా నిద్రపోతూనే ఉంది, బొమ్మ ఆగిపోయింది. మందులు తీసుకుని నేను ఆ వేళకి లోపలికి వెళ్లబట్టి సరిపోయింది. అమ్మ బతికింది, ఇప్పుడు నన్ను తిడుతూ సుఖంగా ఉంది. కానీ తెర మీద నిద్రపోతున్న ఆ అమ్మని నేనింకా మరిచిపోలేదు. బొమ్మ ఆగిపోయే పెట్టె మళ్లీ ఆ వార్డుల్లోకి వెళ్లకూడదు. నాకు కావలసింది అంతే.

"ముందు ఎవరి బోర్డు పెట్టమంటారు?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"ఇంటికి పెద్దవాణ్ణి. నాది," అన్నారు మామగారు.

"పొద్దున గది చల్లగా ఉంటుంది నాన్నా. ముందు పెట్టినదానికి అది కలిసొస్తుంది," అన్నారు బావగారు.

"చివర పెట్టినదానికి ఇంకా కలిసొస్తుంది. అప్పటికి పొరపాట్లన్నీ సర్దేసుకుంటారు," అన్నారు మా ఆయన.

ఆ తర్వాత న్యాయం ఏరులై పారింది. ఒక బోర్డుకి ఫ్యాన్ ఉందని పీకేయించారు. ఒకదాని అడాప్టర్ బలమైనదని మార్పించారు. మామగారు టేపు తెచ్చి కేబుళ్ల పొడవు కొలిచారు. ఇంత జరిగినా ముందెవరన్నది తేలలేదు. చివరికి మెట్ల మీంచి అత్తగారు తీర్పు చెప్పారు.

"మూడూ ఒకేసారి పెట్టేయండి. ముందూ వెనకా గొడవే ఉండదు."

"అత్తయ్యా, అవతల వేగం లెక్కగట్టే కంప్యూటర్ ఒకటే, దానికి వెళ్లే దారీ ఒకటే. మూడూ ఒకేసారి అందులో దూరితే..."

"దూరనీయమ్మా. ఎవరూ బయట మిగిలిపోరుగా."

అలాగే పెట్టాం. మూడింటికీ సెకనుకి మూడొందల పది మెగాబిట్ల దగ్గర ఒకే అంకె వచ్చింది. మామగారి మొహం వెలిగిపోయింది. పాతదైనా కొత్తవాటికి దీటుగా నిలబడిందన్నారు. బావగారు తమ్ముడి భుజం తట్టారు. ఇంట్లో ఎవరూ ఎవరికీ తక్కువ కాదని చిన్న కోడలు రుజువు చేసిందని వీధిలో కూడా చెప్పుకున్నారు. నిజానికి మేం కొలిచింది బోర్డుల్ని కాదు, దారిని. దాన్ని మూడు ముక్కలు కోసి అందరికీ పంచాం, అత్తగారి ఆపిల్ లాగే.

ఆ మాటే మా ఆయనతో అన్నాను.

"నాకు తెలుసు," అన్నారు.

"తెలిసీ నోరెత్తరేం?"

"నాన్న మొహం చూశావా? ఎన్నాళ్లయింది ఆయనలా నవ్వి."

ఆ మాటతో ఆయన మీద కోపం సగం తగ్గింది.

ఇంజనీరు వచ్చింది. టీ తర్వాత తాగుతానని నేరుగా బల్ల దగ్గరికి నడిచిన మనిషి. మూడు తెరల మీదా ఒకే అంకె చూసి కళ్లజోడు సర్దుకుంది.

"ఇంత సమానంగా రావడం నేనెక్కడా చూడలేదే."

"మా ఇంటి పద్ధతమ్మా," అన్నారు అత్తగారు సంతోషంగా.

ఇంజనీరు నా వైపు తిరిగింది. "పరీక్ష చేసింది మీరేనా?"

"నేనేనండీ. ఇంకా పూర్తి కాలేదు," అన్నాను. కొడుకులిద్దరి బోర్డుల కేబుళ్లూ పీకేశాను.

"ఇప్పుడు చూడండి. దారి ఖాళీ అయింది, మనదెలా పరిగెడుతుందో," అన్నారు మామగారు, ముందుకు వంగి.

అంకె కదల్లేదు. కాసేపు ఆగుదామన్నారు, ఆగాం. మూడొందల పదే. తర్వాత బావగారి బోర్డును ఒక్కదాన్నే పెడితే అంకె మూడింతలైంది. మా ఆయనదీ అంతే. ఆయన ఛాతీ పొంగేలోపే, వార్డులో ఉన్నట్టుగా పెట్టెకి మూత బిగించాను. అలా వదిలేస్తే లోపల ఉక్కకి ఆయన ముద్దుల బోర్డు వేడెక్కి, అంకె మెట్లు దిగినట్టు దిగిపోయింది. కళ లేని బావగారి బోర్డు మాత్రం మూత కిందా అలాగే పనిచేసింది. ఇంజనీరు చెప్పినట్టు అన్నిటినీ చల్లారనిచ్చి, ప్రతిదానికీ ఒకసారి ముందు వంతు ఇచ్చి మళ్లీ చేశాం. అదే కథ.

మామగారు తన అంకె వైపు వేలు చూపించారు.

"ఆ మూడొందలూ చాలవా? ఇన్నేళ్లూ చాలాయిగా," అన్నారు.

"మంచాలన్నీ ఒకేసారి చూపించాలంటే చాలవు మామయ్యా. బొమ్మ ఆగిపోతుంది."

"ఎక్కడ ఆగింది? నాతో ఒక్కరైనా చెప్పారా?"

"మా అమ్మ ఉన్న వార్డులో ఆగింది."

అమ్మని చూడటానికి ఆయన రోజూ వచ్చేవారు. ఆ మధ్యాహ్నం సంగతి విని, ఆ పెట్టె చేసినవాణ్ణి నిలబెట్టి కడిగేయాలని అన్నది కూడా ఆయనే.

"ఆ పెట్టె ఎవరిది?" అని అడిగారు.

"మనదే. వెనక మన దుకాణం చీటీ ఉంది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఈ ఇంట్లో ఎవరిది తక్కువని చెప్పమంటారు మామయ్యా?"

మా ఆయన, మూతకి నాలుగు కన్నాలు పెడితే తన బోర్డు కూడా నిలబడుతుందని మొదలుపెట్టబోయారు. "నువ్వూరుకో," అన్నారు మామగారు. తన బోర్డు కేబుల్ తనే పీకి, దాన్ని సొరుగులో పడేశారు.

"అమ్మా, ఆ వార్డులో మా పాత పెట్టెలు ఇంకా ఉన్నాయా?" అని ఇంజనీరుని అడిగారు.

"ఉన్నాయండీ. కొత్తవి వచ్చేదాకా అవే."

అత్తగారు ఆపిల్ ముక్కల పళ్లెంతో దిగారు. అందరూ ఎవరి ముక్క వాళ్లు తీసుకున్నారు. మామగారు మాత్రం బావగారి బోర్డున్న పెట్టెను చంకన పెట్టుకుని చెప్పుల్లో కాళ్లు దూర్చారు.

"పద అమ్మాయ్, మీ అమ్మ పడుకున్న వార్డు చూపించు."

"ఇప్పుడేనా నాన్నా? ఆ ఒక్క వార్డుకే ఇస్తే మిగతా వార్డులవాళ్లు ఊరుకుంటారా?" అన్నారు బావగారు.

"ముందు అది," అన్నారు మామగారు.