పాలు పొంగేలోపు

"ఈ వారం ఏం పెడదామోయ్?"

శనివారం పొద్దున భార్య చేతి నుంచి కాఫీ గ్లాసు అందుకుంటూ ఆయన అడిగే మాట అది. ఎవరైనా వింటే వంట సంగతి అనుకుంటారు. ఆయనకొక వెబ్‌సైటు ఉంది. దాని పేరు 'చదవదగినవి'. వారానికి మూడు రచనలు, కథో వ్యాసమో, ఎక్కడ దొరుకుతాయో చెప్పి, ఎందుకు చదవాలో నాలుగు వాక్యాలు రాసి పెడతారు. పైన కళ్ళజోడు సర్దుకుంటున్న ఆయన ఫోటో. కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంటు ఆయన. వచ్చే నెలలో రిటైరవుతారు.

ఐదేళ్ళుగా ఆ మూడూ చదివేది, ఏరేది, నాలుగు వాక్యాలు రాసేది ఆమె.

మొదట్లో ఇదంతా ఇలా అవుతుందనుకోలేదు. "నాకెక్కడ తీరిక? నువ్వెలాగూ ఏదో ఒకటి చదువుతూనే ఉంటావుగా, బాగుంటే చెప్పు" అన్నారు. చెప్పింది. చెప్పడం కాస్తా కాగితం మీద రాసివ్వడమైంది. రాసివ్వడం కాస్తా టైపు చేసివ్వడమైంది. ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు. తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆ ఒక్క సంగతే ఎక్కువ గుచ్చుకునేది.

ఆమె చదువంతా నిలబడే సాగింది. పొయ్యి మీద పాలు పెట్టి ఒక పేజీ, మంట తగ్గించి ఇంకో పేజీ. అత్తగారు బతికున్న రోజుల్లో పుస్తకం బియ్యం డబ్బా మూత కింద ఉండేది. "చదువుకున్న కోడలు కావాలన్నాం గానీ, చదువుతూ కూర్చునే కోడలు కావాలన్నామా?" అనేది ఆవిడ, వచ్చిన చుట్టాల ముందు నవ్వుతూనే. చుట్టాలూ నవ్వేవారు. కాఫీలు అందిస్తూ ఈమె కూడా నవ్వేది. కూర్చున్నదెప్పుడని ఎవరూ అడగలేదు, ఆమెతో సహా.

అందుకేనేమో, తను రాసిన నాలుగు వాక్యాల్లో ఆఖరిది ఎప్పుడూ కొలతే. 'పాలు పొంగేలోపు చదవచ్చు.' 'ఆరేసిన బట్టలు ఆరేలోపు అయిపోతుంది.' 'ఇది ఒక్క పూటలో తేలదు, పిల్లలు బడికెళ్ళాక రెండు రోజులు పెట్టుకోండి.' ఆయన సైటులో ఎక్కించే ముందు వాటిని కొట్టేసేవారు. "ఏంటోయ్ ఈ వంటింటి వాసన? మనల్ని ప్రొఫెసర్లు చదువుతారు" అని, ఆ చోట 'పఠన సమయం: ఐదు నిమిషాలు' అని పెట్టేవారు. ఐదేళ్ళలో ఆయన సొంతంగా రాసిన వాక్యం అదొక్కటే.

రిటైర్మెంటు రోజున కాలేజీవాళ్ళు సన్మానం తలపెట్టారు. "పాఠకుల ఉత్తరాల్లోంచి ఓ పది ఏరిపెట్టు. బాగా పొగిడినవి చూడు. ప్రిన్సిపాలుగారు సభలో చదువుతానన్నారు" అని ఆయన మెయిలు పాస్‌వర్డు చీటీ మీద రాసిచ్చి ఆఫీసుకు వెళ్ళారు. ఆ ఉత్తరాలు ఆమె అంతవరకు చూడలేదు. అవి ఆయనకొచ్చేవి కదా.

పొయ్యి ఆపి, కుర్చీ లాక్కుని కూర్చుంది. తొమ్మిది ఉత్తరాలు ఇట్టే దొరికాయి. 'మీ అభిరుచి', 'మీ లోచూపు', 'మీ అధ్యయనం'. చదువుతుంటే పక్కింటి పెళ్ళిలో తన చీర చూసినట్టుంది. పదోది పద్నాలుగు నెలల కిందటిది.

'అయ్యా, నమస్కారం. నేను ఆస్పత్రిలో ఆయాగా చేస్తాను. మా అమ్మకు చూపు పోయి మంచాన ఉంది. డ్యూటీకి వెళ్ళేముందు అమ్మకు పాలు కాచి ఇస్తాను. పోయిన వారం మీరు పెట్టిన కథ కింద, పాలు పొంగేలోపు చదవచ్చు అని ఉంది. చూద్దామని పాలు పెట్టి చదివి వినిపించాను. సరిగ్గా కథ అయ్యేసరికి పొంగాయి. అమ్మ ఎన్నాళ్ళకో నవ్వింది. ఇది పొయ్యి దగ్గర నిలబడి చదివే మనిషి రాసిన మాటండి. మీరు కాదు, ఏమీ అనుకోకండి. ఆవిడకు ఈ ఉత్తరం చూపించండి. ఇలాంటివి ఇంకో పది చెప్పమనండి. అమ్మకు ఎన్నో రోజులు లేవంటున్నారు.'

కింద ఆయన జవాబు ఉంది. 'మీ అభిమానానికి ధన్యవాదాలు.'

ఆ వారం ఆమెకు గుర్తే. ఆయన జ్వరంతో పడుకుని "నువ్వే ఎక్కించెయ్" అన్నారు. కొలత కొట్టేయడం ఆమెకు తోచలేదు. మూడో రోజు లేచి ఆయనే విసుక్కుని తుడిచేశారు. ఆ మూడు రోజుల్లో ఎవరో ఒకామె ఆమెను పోల్చుకుంది. ముఖం చూడకుండా, పేరు తెలియకుండా, ఒక్క వాక్యంతో. ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో తిరిగినవాళ్ళకు చేతకానిది.

వెంటనే రాసింది. అడిగిన పది రచనల పేర్లూ రాసింది. మర్నాడు జవాబొచ్చింది.

'అమ్మ పోయి ఏడాది అయిందండి. మీ కబురు వచ్చిందా అని రోజూ అడిగేది. వస్తుందిలే అనేదాన్ని. ఆ ఒక్క కథే తిరగేసి తిరగేసి చదివాను. చివరికి నాకంటే ముందు అమ్మే చెప్పేసేది.'

ఆ సాయంత్రం ఆయన ఉత్తరాలు లెక్కపెట్టుకుని "తొమ్మిదే ఉన్నాయేంటి?" అన్నారు.

"పదోది నాకొచ్చిందండీ."

ఉత్తరం చూపించింది. ఆయన కళ్ళజోడు పైకి తోసి చదివారు. "ఓ, ఇదా. ఎవరో ఆయా. ఏదో ఊహించుకుని రాసింది. అయినా నువ్వయితే ఏంటి, నేనయితే ఏంటి? మనిద్దరం ఒకటే కదా."

ఆయన చెడ్డమనిషేం కాదు. నిజంగానే అలా అనుకుంటున్నారు. ఇద్దరం ఒకటే అయితే ఆ ఒక్కరూ ప్రతిసారీ మీరే ఎందుకవుతారని అడగబోయి, మింగేసింది. దేవుడి గూటి ముందు దీపం పెడుతూ అక్కడ మాత్రం దాచలేకపోయింది. 'అబద్ధం నేనాడలేదు స్వామీ. కానీ ఐదేళ్ళు దానికి వండిపెట్టాను. ఆ ముసలమ్మ నా కబురు కోసం ఎదురుచూస్తుంటే నేను పక్కగదిలో ఆయన పేరు మీద రాస్తూ కూర్చున్నాను. తప్పు ఆయన ఒక్కరిదేనా?'

ఆదివారం కూతురొచ్చి ఆమెకు వేరే సైటు చేసిపెట్టింది. 'పేరు' అన్న గడిలో ఏదో టైపు చేసి చెయ్యి తీసేసింది ఆమె.

"అమ్మా, నాన్న పేరు కొట్టావు."

చూసుకుంది. నిజమే. ఒక్కో అక్షరం తుడిచి, బడి సర్టిఫికెట్లో ఉన్నట్టుగా పుట్టింటి ఇంటిపేరుతో సహా తన పేరు కొట్టింది. రెండుసార్లు తప్పు పడింది. మొదటి పేజీలో ఆ పది రచనలే పెట్టింది. అన్నీ పాలు పొంగేలోపు అయిపోయేవే. పైన ఒక్క ముక్క రాసింది: 'ఒక తల్లికి. పద్నాలుగు నెలలు ఆలస్యంగా.'

శనివారం వచ్చింది.

"ఈ వారం ఏం పెడదామోయ్?"

గ్లాసు ఆయన చేతికిచ్చి, ఎదురు కుర్చీలో కూర్చుంది.

"మీరేం చదివారండీ?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. కాఫీ చల్లారిపోయేదాకా ఆయనకు ఏదీ గుర్తు రాలేదు.