జేబులో పిన్ను

ఆరేళ్లుగా అక్కతో కలిసి స్వామి దగ్గరికి వెళ్తున్నాను. దణ్ణం పెట్టేవాణ్ణే కానీ, ఆయనకు అన్నీ తెలుస్తాయంటే లోపల నవ్వుకునేవాణ్ణి. లిఫ్టులు బాగుచేసే పని నాది. చేత్తో తడిమి చూడనిదే దేన్నీ నమ్మను.

ఆ ఉదయం ఆస్పత్రి లిఫ్టు సర్వీసు ముగించి తిన్నగా అక్కడికే వెళ్లాను. ఎనిమిదో నెలలో ఉన్న మా అమ్మాయి కోసం దీవెన అడగాలని అక్క పట్టు. నేను మాత్రం చొక్కా జేబులో ఊడిన గుండీ ఒకటి పడేసుకున్నాను.

"ఏంట్రా ఆ ముసిముసి నవ్వులు?" అంది అక్క.

"ఇవాళ మీ స్వామికి పరీక్ష."

"నీ మొహం. నోర్మూసుకుని కూర్చో."

మా వంతు వచ్చింది. గోడకు ఆనుకుని కూర్చున్న ఆ సన్నటి ముసలాయన ముందు వంగాను.

"నా జేబులో ఏముందో చెప్పండి స్వామీ."

ఆయన నవ్వలేదు. నాకొక్కడికే వినబడేలా, "గుండీ సంగతి సరే నాయనా. ప్యాంటు జేబులోది పెట్టాల్సిన చోట పెట్టకుండా వచ్చేశావేం?" అన్నారు.

చెయ్యి పెట్టాను. వేలికి చల్లగా పిన్ను తగిలింది.

లిఫ్టు బ్రేకు నట్టు ఊడకుండా గుచ్చే పిన్ను. పాతది పీకేసి కొత్తది చేతిలోకి తీసుకున్నప్పుడే, త్వరగా రమ్మని అక్క ఫోను. మాట్లాడుతూ జేబులో వేసుకున్నాను. రిజిస్టరులో 'అంతా సరిగ్గా ఉంది' అని సంతకం కూడా పెట్టాను.

పదకొండింటికి అమ్మాయి అదే ఆస్పత్రిలో ఐదో అంతస్తుకు వెళ్లాలి. ఇంకా పది నిమిషాలే ఉన్నాయి.

అమ్మాయి ఫోను ఎత్తలేదు. ఆస్పత్రిలోనూ ఎత్తలేదు. రెండు వీధులు పరుగెత్తాను. హాల్లో లిఫ్టు తలుపు మీద అంకెలు మారుతున్నాయి. రెండు. మూడు. లోపల ఎవరో ఉన్నారు. గబగబా మెట్లెక్కాను.

నాలుగో అంతస్తు మలుపులో, కమ్మీ పట్టుకుని ఆయాసపడుతూ మా అమ్మాయి.

"ఎవర్ని తరుముతున్నావు నాన్నా? డాక్టరమ్మ నడవమందని మెట్లెక్కుతున్నా."

తనను దాటుకుని పైకి పరుగెత్తాను. పైన మోటారు గదిలో చక్రం ఆగీ ఆగగానే స్విచ్చి లాగేశాను. నట్టు ఊడటానికి ఒక్క చుట్టే మిగిలింది. కింద తలుపు తెరుచుకుని, ఎవరో కబుర్లాడుకుంటూ దిగిపోయారు.

పిన్ను రెండుసార్లు జారాక గానీ గుచ్చలేకపోయాను. తర్వాత రిజిస్టరు తెప్పించి నా సంతకం కొట్టేశాను. పక్కన 'పిన్ను పెట్టడం మరిచాను' అని రాశాను.

స్వామి ఏమన్నారని అక్క ఇప్పటికీ అడుగుతుంది. ఆ మాట అందరి ముందూ అననందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. వెళ్లడం మానలేదు. కానీ ఆయన నా వైపు చూస్తే మాత్రం, ఇంకేం మరిచానోనని గుండె ఝల్లుమంటుంది.