ఉప్పు మూల

అన్న చేసిన అన్యాయాల్లో పెద్దవాటిని తమ్ముడు ఎప్పుడో దిగమింగేశాడు. కార్లు, మేడ, గోడల మీద అన్న నిలువెత్తు ఫొటోలు, అన్నీ. గొంతులో ముల్లులా మిగిలింది ఒక్క ఉప్పు సంగతే.

అన్న ఛైర్మన్‌గా ఉన్న కంపెనీకి నలభై ఒక్క సరుకుల దుకాణాలున్నాయి. ఏ ఊరి దుకాణంలోనైనా ఉప్పు లోపలికంటా వెళ్లాక ఎడమచేతి మూలనే ఉంటుంది. ముప్పై ఎనిమిదేళ్ల కిందట, అమ్మ ఇద్దరికీ చెరిసగం రాసిచ్చిన గదిలో మొదటి కొట్టు తెరిచినప్పుడు కుడివైపు కప్పు కారేది. ఏడో తరగతితో బడికి దండం పెట్టి తక్కెడ పట్టుకున్న తమ్ముడు, ఒక వాన మధ్యాహ్నం, నీరు కారిపోతున్న ఉప్పు బస్తాలను ఒక్కడే ఎడమ మూలకి ఈడ్చాడు. అరచేతులు చీరుకుపోయాయి. రెండు రోజులు అమ్మే తినిపించింది. రెండో కొట్టు మొదటిదాన్ని చూసి సర్దారు, మూడోది రెండోదాన్ని చూసి.

ఇవాళ నలభై రెండోది తెరుస్తున్నారు. గోదాములో సరుకు చూసుకునే తమ్ముడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పనివాళ్లకి అతను ఉప్పు బాబాయ్. అసలు సంగతి వాళ్లకి తెలీదు, ఏ దుకాణానికొచ్చినా ఆ మూలనే నిలబడతాడు కదా అని.

కుర్ర మేనేజరు కొత్తవాళ్లకి పాఠం చెబుతున్నాడు. "ఉప్పు లేకుండా ఏ ఇల్లూ గడవదు. దానికోసం ఇంతదూరం నడిస్తే దారిలో ఇంకో నాలుగు బుట్టలో పడతాయి. ఛైర్మన్ గారి బుర్రంటే అదీ!"

"బుర్రా లేదు, గిర్రా లేదు నాయనా. కప్పు కారేది" అన్నాడు తమ్ముడు.

"ఏసీ పెట్టినా కారుతుందా బాబాయ్?" అంది బిల్లు కౌంటరు పిల్ల. అందరూ నవ్వారు.

"మొదటి కొట్లోనమ్మా. బస్తాలు జరిపింది నేనే."

అప్పుడే అతిథులతో అన్న వచ్చాడు.

"సార్, ఉప్పు ఇక్కడ పెట్టింది తనేనంటున్నారు బాబాయ్!" అన్నాడు మేనేజరు నవ్వాపుకుంటూ.

తమ్ముడు అన్న మొహంలోకి చూశాడు. ఫొటో అడగలేదు, వాటా అడగలేదు. ‘అవును, వాడే’ అంటే చాలు.

అన్న చూపు ఒక్క క్షణం తమ్ముడి అరచేతుల మీద ఆగింది. గుర్తుంది. గుర్తుందని తమ్ముడికి తెలిసిపోయింది.

"మావాడు చిన్నప్పట్నుంచీ ఇంతే, కబుర్ల పోగు!" అంటూ అన్న అతని భుజం తట్టి ముందుకి సాగాడు. నవ్వులన్నీ ఆయన వెనకే వెళ్లిపోయాయి.

మూలలో తమ్ముడొక్కడే మిగిలాడు. ఒరిగిన ప్యాకెట్లు నిలబెట్టి, ఒకటి తీసుకుని వరసలో నిలబడ్డాడు.

"కిలో సరిపోతుందా బాబాయ్? ఇంట్లో ఎంతమంది?" అంది కౌంటరు పిల్ల.

"నేనొక్కణ్నే. మూణ్నెల్లు వస్తుంది."

ఇంటికెళ్లే బస్సు మొదటి కొట్టు ఉన్న వీధి మీదుగానే పోతుంది. కొట్టు ఎప్పుడో పడగొట్టారు. పక్కనున్న పెద్ద దుకాణానికి వచ్చేవాళ్లు అక్కడ బళ్లు నిలుపుతారు. "కంపెనీ పేరు మీదుంటే నీదీ నాదీ ఒకటేరా" అని అన్న కాగితం చాపితే, ఇరవయ్యో ఏట, తన సగం రాసిచ్చేస్తూ తమ్ముడు చదవకుండా సంతకం పెట్టేశాడు. అమ్మ పంచిన గదిలో ఎడమ సగం అన్నది. ఉప్పు ఈడ్చుకెళ్లి పెట్టింది అందులోనే. కప్పు కారిన కుడి సగం తనది: తొమ్మిది అడుగుల వెడల్పు, ఇరవై రెండు అడుగుల పొడవు, నూట తొంభై ఎనిమిది చదరపు అడుగులు.