యామే అన్న తర్వాత

వరుసల మధ్య రాయమల్లు నడుస్తుంటే నలభై మంది పిల్లలు వాళ్లంతట వాళ్లే సర్దుకుని నిలబడ్డారు. చేతకానివాళ్లు ముందు, ఆరితేరినవాళ్లు వెనక. మిగతా కరాటే మాస్టర్లంతా దీన్ని తిరగేసి పెడతారు, ఫొటోలో బాగా పడుతుందని. ఆ ఫొటోలు తలుచుకుంటేనే ఆయనకు ఒళ్లు మండుతుంది.

యాభై రెండేళ్ల పొట్టి మనిషి. బొగ్గుబావిలో బొగ్గు మోసే టబ్బు బండి కింద నలిగి ఎడమ చిటికెన వేలు వంకరపోయింది. రెండో షిఫ్టు డ్యూటీ కాబట్టి పొద్దుటిపూట కాలనీ హాలులో పద్దెనిమిదేళ్లుగా క్లాసు నడుపుతున్నాడు. కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా ఏ పిల్లవాడి మీదా చెయ్యి చేసుకుని ఎరగడు.

"కొట్టుడు వారంల వస్తది. ఆగుడు రావాల్నంటే ఏండ్లు వడ్తది" అంటాడు. 'యామే' అంటే ఆగమని జపాను మాట. ఆ మాట విన్నాక చెయ్యి లేపినవాడికి హాలులో మళ్లీ చోటు లేదు. పన్నెండేళ్ల కిందట సొంత కొడుకు శ్రీహరినే అలా వెళ్లగొట్టాడు. మూడు రోజులు మెట్ల మీద కూర్చున్నా లోపలికి రానివ్వలేదు. ఇప్పుడు వాడు కరీంనగర్‌లో గ్రానైటు కోసే మిషను మీద పనిచేస్తున్నాడు. ఇంటికొస్తే తండ్రి డ్యూటీకి పోయాకే అన్నానికి కూర్చుంటాడు.

ఆ పొద్దు తారక్‌కు దీక్షితతో జోడీ పడింది. తారక్ హాలు కమిటీ కార్యదర్శి విజయేందర్ కొడుకు.

"యామే!"

దీక్షిత చేతులు దించింది. తారక్ గుద్దాడు. ముక్కు పగిలి పిల్ల తెల్ల అంగీ మీద రక్తం కారింది.

"యామే!" మళ్లీ అరిచాడు రాయమల్లు. ఈసారి తారక్ ఆగాడు. చేతులు దించుకుని నిలబడ్డాడు. రాయమల్లు వాడి చెంప ఛెళ్లుమనిపించాడు.

కిటికీ దగ్గర ఫోను చూసుకుంటున్న విజయేందర్ దగ్గరికొచ్చాడు. తిడతాడనుకుంటే నవ్వాడు.

"కొడ్తే కొట్టిండ్రు సార్, ఇంకో రెండు పీకుండ్రి. ఏం ఫికర్ లేదు. జర ఐతారం టెస్టుల మా వోని బెల్టు మాత్రం ఆపకుండ్రి."

రాయమల్లుకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పొల్ల ముక్కు పగిలితే నీకు బెల్టు గావాల్నా? సిగ్గుండాలె! తీస్కపో నీ కొడుకును. మల్ల గీ హాల్ల కాలు వెట్టద్దు."

"గంత గరమైతే ఎట్ల సార్..."

"సార్," అంది దీక్షిత, ముక్కులో దూది పెట్టుకుంటూ. "తారక్ చేతులు దించినంకనే మీరు గుడ కొట్టిండ్రు."

నేరం మోపాలని అన్నది కాదు. చూసింది చెప్పింది, అంతే.

ఎవరి మీద విరుచుకుపడాలో రాయమల్లుకు తోచలేదు. ఈ పిల్ల మీద కోపమొచ్చింది. ఇంకా పళ్లికిలిస్తున్న విజయేందర్ మీద వచ్చింది. నోరెత్తకుండా మూడు రోజులు మెట్ల మీద కూర్చున్న శ్రీహరి మీదా వచ్చింది. ఆనాడు వాడు తిరగబడి ఒక్క మాటన్నా అని ఉండాల్సింది. చివరికి ఆ కోపం తిరిగి తన దగ్గరికే చేరింది.

"నిఖితా," అని అందరికన్నా పెద్దపిల్లను పిలిచాడు. "క్లాసు నువ్వు నడుపు. రేపటి సంది గుడ నువ్వే."

"మీరేడికి పోతుండ్రు సార్?"

"యామే అన్నంక కొట్టినోనికి గీడ జాగ లేదు. నాకు గుడ లేదు."

గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, వంగి, పిల్లలు సాధన చేసే చాప వైపు దండం పెట్టాడు. తండ్రితో తారక్ ముందు, వట్టి కాళ్లతో రాయమల్లు వెనక మెట్లు దిగిపోయారు. నిఖిత గుద్దులకు లెక్క మొదలుపెట్టింది.

క్లాసు ముగిశాక పిల్లలు ఎవరి చెప్పులు వాళ్లు వేసుకుని వెళ్లారు. గడప పక్కన ఒక జత మిగిలింది. మడమల దగ్గర అరిగి, తెగిన పట్టీకి ఎర్ర వైరు ముక్క చుట్టిన పెద్దవాళ్ల రబ్బరు చెప్పులు.